జేబులో ఇనుము

జ్యోతిష్యం గురించి మన సమావేశాల్లో మాట్లాడినప్పుడల్లా నేనొక మాట చెప్పేవాణ్ణి. జరిగినవి గుర్తుంటాయి, జరగనివి ఎవరూ లెక్కపెట్టరు అని. అదే తప్పు నేను ఏడాది పాటు ఒక పనిముట్టు విషయంలో చేశాను. ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

రక్షణ శాఖ లెక్కల విభాగంలో రిటైరయ్యాక, మా అమ్మాయి పురిటికని నేనూ మా ఆవిడా బస్తర్ జిల్లా జగదల్‌పూర్ వచ్చాం. అల్లుడి ఉద్యోగం అక్కడ. మనవడు పుట్టాక ఇక కదల్లేదు. బాలింత ఇంటికి వచ్చిన రోజే మా ఆవిడ ఆమె తలగడ కింద కూరలు తరిగే చాకు పెట్టింది. ఇనుము దగ్గరుంటే గాలీ ధూళీ సోకదట.

"బైలడిలా కొండల నిండా ఇనప రాయే కదా. అయితే పాత బస్తర్ జిల్లా మొత్తంలో దయ్యమన్న మాటే వినపడకూడదే!" అన్నాను.

"కొండల్లో ఇనుము కొండలకి కాపలా. ఇంట్లో చాకు ఇంటికి" అంది.

ఆ ఏడాదే మా అబ్బాయి అమెరికా నుంచి లెదర్‌మన్ వేవ్ తెచ్చిచ్చాడు. మడిస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. విప్పితే పటకారు, రెండు చాకులు, రంపం, ఆకురాయి, కత్తెర, స్క్రూడ్రైవర్లు. బరువు 241 గ్రాములు. ఒకసారి చిత్రకోట్ జలపాతం చూసి వస్తుంటే స్కూటరు యాక్సిలరేటర్ వైరు చివర తెగింది. చీకటి పడుతోంది, రోడ్డు మీద ఎవరూ లేరు. మిగిలిన వైరుని పటకారుతో లాగి, మెలిపెట్టి, ఎలాగో ఇల్లు చేరాను. జేబులో అంత ఇనుముంది కాబట్టే మీకేం కాలేదంది మా ఆవిడ. ఇనుము కాదు, పటకారు అన్నాను నేను. ఆ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను.

ఒక పాత మిత్రుడు ఫోన్లో అంతా విని, "బాగుంది గురువుగారూ, మోసిన రోజులెన్ని, వాడిన రోజులెన్ని?" అని అడిగాడు. బీకాం చదివి, జన్మంతా వోచర్లు తిరగేసినవాణ్ణి, నా దగ్గర జవాబు లేదు!

మర్నాడే ఒక రూళ్ళ పుస్తకం కొన్నాను. వంద రోజులు రాశాను. ఏ పని, ఏ పనిముట్టు, అది లేకపోతే దగ్గర్లో ఉన్న ఇంకోదానితో అయ్యేదా? ఈ చివరి గడి ముఖ్యం. మొత్తం 71 సార్లు అవసరం పడింది. చాకు 41 (పార్సిళ్ళు, పురికొస, జామకాయలు), కత్తెర 14, స్క్రూడ్రైవరు 6, పటకారు 2. మిగిలిన 8 సార్లూ కావలసింది ముల్లు లాగే సన్న చిమటా. ఇక్కడ డొంకలో నాలుగడుగులు వేస్తే ముల్లు గుచ్చుకోవలసిందే. అంత బరువు మోస్తున్నా దాన్లో చిమటా లేదు. ఎర్ర సిరాతో రాశాను. రంపం, సున్న. పటకారు వాడిన రెండుసార్లూ ఇంట్లోనే, పక్క అలమరలో పెద్దది ఉండగా. 52 రోజులు అసలు బయటికే తియ్యలేదు. ఈలోగా పంట్లాం జేబు రెండుసార్లు చిరిగింది, కుట్టుకూలి కూడా ఖర్చులో రాశాను.

స్విస్ సైన్యం 1891లో సిపాయి చాకు తీసుకున్నప్పుడు అందులో ఉన్నవి నాలుగే. చాకు, డబ్బా మూత కోసేది, బెజ్జం చేసే మొన, కొత్త రైఫిలు విప్పడానికి స్క్రూడ్రైవరు. పని చూసి పనిముట్టు పెట్టారు. కార్ల్ ఎల్సెనర్ 1897లో తయారుచేసిన ఆఫీసర్ల చాకులో బుడ్డి బిరడా తీసే మర కూడా చేరింది. దాన్ని సైన్యం ఇవ్వలేదు, ఆఫీసర్లు సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వచ్చింది. లెక్కలవాడిగా ఆ నిర్ణయం నాకు భలే నచ్చింది. ఇక్కడి సంతకి టంగియా భుజాన వేసుకొచ్చే మనిషిని చూడండి. కట్టె కొట్టినా, వెదురు చీల్చినా ఆ గొడ్డలే. ఆయనకి నా రూళ్ళ పుస్తకం అక్కర్లేదు.

అయితే లెక్కింపు ఒక్కటే చాలదు. అరుదుగా వచ్చే అవసరం పెద్దదైతే? చిత్రకోట్ రోడ్డు మీద ఆ సాయంత్రం అబద్ధం కాదుగా. ఆలోచిస్తే, ఆ అవసరం నా జేబుది కాదు, స్కూటరుది. కాబట్టి వేవ్‌ని స్కూటరు డిక్కీలో పెట్టాను. జేబుకి విక్టోరినాక్స్ క్లాసిక్ కొన్నాను. 58 మిల్లీమీటర్ల పొడవు, 20 గ్రాములు దాటితే కాస్త దాటుతుంది. చిన్న చాకు, కత్తెర, చివర స్క్రూడ్రైవరుగా పనికొచ్చే గోళ్ళ ఆకురాయి, చిమటా, పళ్ళు కుట్టుకునే పుల్ల. విమానం ఎక్కే రోజు అదీ ఇంట్లోనే, లేకపోతే తనిఖీ దగ్గర వదులుకోవాలి.

పుస్తకం మూసేముందు మా ఆవిడకి ఒక పేజీ చూపించాను. వంద రోజుల్లో 11 రోజులు పనిముట్టు ఇంట్లో మర్చిపోయి తిరిగాను. ఆ పదకొండు రోజులూ ఏమీ కాలేదు.

"తాళాలు ఉన్నాయిగా జేబులో. అవీ ఇనుమే" అంది.

ఇత్తడివి అన్నాను. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి ఆవిడ ఎదురుగానే పరీక్ష పెట్టాను. ఇంటి తాళంచెవి అంటుకోలేదు. బీరువాదీ అంటుకోలేదు. రింగు మాత్రం టక్కున అతుక్కుంది.

ఆవిడ ఏమీ అనలేదు. పిల్లాడికి పాలు కలపడానికి వెళ్ళిపోయింది.