బొమ్మల బొమ్మ

తెలుగులో బొమ్మ అన్న మాటకి ఎన్ని అర్థాలో! పిల్లలు ఆడుకునేదీ బొమ్మే, కాగితం మీద గీసేదీ బొమ్మే, చివరికి సినిమా కూడా బొమ్మే. మా ఊరి టూరింగ్ టాకీసుకి ఆలస్యంగా చేరినవాళ్ళు గేటు దగ్గర అడిగే మొదటి ప్రశ్న "బొమ్మ పడిందా?" అనే. ఈ మూడు అర్థాలూ ఒక్కచోట కలిసిన సినిమా ఏదైనా ఉందంటే అది ‘టాయ్ స్టోరీ’. ఆటబొమ్మల గురించి, కంప్యూటరు గీసిన బొమ్మలతో, తీసిన బొమ్మ!

అమెరికాలో పిల్లల్ని పెంచిన మనవాళ్ళలో ఈ సినిమా పేరు తెలియనివారు ఉండరు. కాని కూర్చుని చూసినవారు తక్కువ. పిల్లలకి క్యాసెట్టు పెట్టి, ఆ గంటన్నరలో పప్పు పోపు వేసుకోవడమో, ఇండియాకి ఫోను చెయ్యడమో మన ఇళ్ళలో రివాజు. ఇప్పుడు ఆ పిల్లలకి పిల్లలు పుడుతున్నారు. ఈసారైనా పెద్దవాళ్ళు సోఫాలో పక్కన కూర్చుని చూడాలని నా మనవి. ఎందుకంటే ఇది పిల్లల కథలా కనిపించే పెంచినవాళ్ళ కథ. ఎలా అంటారా? మొదటి నాలుగు భాగాలనీ వరసగా చెబుతాను, చిత్తగించండి.

ముందుగా కథకి ఉన్న కట్టుబాటు తెలియాలి. మనుషులు గదిలో లేనప్పుడు బొమ్మలకి ప్రాణం వస్తుంది. అడుగుల చప్పుడు వినిపించగానే ఎక్కడివక్కడ పడిపోతాయి. ఆండీ అనే కుర్రవాడి దగ్గర వుడీ అనే కౌబాయ్ బొమ్మ ఉంటుంది. వీపున తాడు లాగితే మాట్లాడుతుంది. దాని అరికాలి మీద ఆండీ తన పేరు రాసుకున్నాడు. ఈ బొమ్మ చేసే పని ఏమిటి? పిల్లవాడు బడినించి ఎప్పుడొస్తాడా అని ఎదురుచూడటం, వాడు నవ్వితే మురిసిపోవటం, వాడు పెద్దవాడైతే తన గతేమిటని లోలోపల బెంగపడటం. ఇవి పిల్లలు చేసే పనులా, మనం చేసేవా? మీరే చెప్పండి.

మొదటి భాగం 1995 నవంబరు 22న విడుదలయింది. మొత్తం కంప్యూటరు మీదే తయారైన మొట్టమొదటి పూర్తి నిడివి చిత్రం ఇదే. దర్శకుడు జాన్ లాసెటర్. తీసినది పిక్సార్ అనే సంస్థ. దాన్ని 1986లో స్టీవ్ జాబ్స్ కొన్నాడు. 81 నిమిషాల సినిమా కోసం 117 కంప్యూటర్లు రాత్రింబవళ్ళు పనిచేసి 1,14,240 ఫ్రేములు గీశాయి. ఆ రోజుల్లో కంప్యూటరుకి మనిషి చర్మం, జుట్టు, బట్టల ముడతలు సరిగ్గా వచ్చేవి కావు. గీసిందల్లా ప్లాస్టిక్ లాగే మెరిసేది. అయితే ప్లాస్టిక్ బొమ్మల కథే చెబుదాం అనుకున్నారు. ఉన్న బియ్యాన్ని బట్టి వంట చేసే ఇల్లాలి తెలివి అది. 1993 నవంబరులో చూపించిన ముసాయిదాలో వుడీ మరీ దుర్మార్గుడిగా ఉన్నాడని డిస్నీవారు పని ఆపించారు కూడా. కథ తిరగరాశాకే బండి కదిలింది.

ఆ తిరగరాసిన కథలో వుడీ బాధ ఏమిటంటే, పుట్టినరోజు కానుకగా బజ్ లైట్‌ఇయర్ అనే అంతరిక్ష వీరుడి బొమ్మ వచ్చి, మంచం మీద తన స్థానం ఆక్రమించటం. రెండో బిడ్డ పుట్టిన ఇంట్లో పెద్దబిడ్డకి ఉండే కష్టం ఇదే. కడుపుతో ఉన్న తల్లి, పెద్దపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూడవలసిన సినిమా ఇది. ఇక బజ్ సంగతి. అతగాడు తాను నిజంగానే లోకాన్ని రక్షించటానికి వచ్చాననుకుంటాడు. ఒకనాడు టీవీలో తనలాంటి బొమ్మల ప్రకటన చూస్తాడు. తన చేతి మీదే తైవాన్‌లో తయారైనట్టు ముద్ర కనిపిస్తుంది. ఊళ్ళో గోల్డు మెడలిస్టులుగా పేరు తెచ్చుకుని, ఇక్కడికొచ్చాక వందమందిలో ఒకడిగా క్యూలో నిలబడిన మనకి ఆ సన్నివేశం వేరే ఎవరూ వివరించక్కరలేదు. ఎగరలేనని తెలిశాక కూడా ఒక పిల్లవాడికి అక్కరకు రావటం చిన్న విషయం కాదని బజ్ నేర్చుకుంటాడు. మనమూ అదే నేర్చుకున్నాం.

రెండో భాగం 1999లో వచ్చింది. దీని తెర వెనక కథ మన సాఫ్ట్‌వేరు సోదరులందరూ వినదగ్గది. 1998లో ఎవరో కొట్టిన ఒక్క కమాండుతో అప్పటిదాకా చేసిన సినిమాలో చాలా భాగం కంప్యూటర్లలోంచి చెరిగిపోయింది. బ్యాకప్ చూస్తే అదీ పనిచెయ్యటం లేదు! అప్పటికి కొత్తగా బిడ్డ పుట్టి ఇంటినించి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే టెక్నికల్ డైరెక్టరు ఇంట్లో ఒక నకలు ఉండబట్టి గట్టెక్కారు. చంటిబిడ్డ తల్లి ఇంట్లో ఉండటం వల్ల బతికిన సినిమా ఇది. ఆ తరవాత కథ నచ్చక, చాలా భాగం తొమ్మిది నెలల్లో మళ్ళీ తీశారనుకోండి, అది వేరే సంగతి.

ఇందులో వుడీని ఒక వ్యాపారి దొంగిలించి జపానులోని బొమ్మల మ్యూజియానికి అమ్మబోతాడు. అక్కడ అద్దాల బీరువాలో కలకాలం కొత్తగా ఉండవచ్చు. ఇంటికి తిరిగి వెళితే ఆండీ నాలుగేళ్ళు ఆడుకుని వదిలేస్తాడు. ఏది మేలు? ఎన్నడూ పెట్టె విప్పని పాత బొమ్మ ఒకడు మ్యూజియమే మేలంటాడు. జెస్సీ అనే కౌగర్ల్ బొమ్మ, తనని పెంచుకున్న పిల్ల పెద్దదై తనని ఎలా వదిలేసిందో చెబుతుంది. అయినా వుడీ పిల్లవాడి దగ్గరికే వెళతానంటాడు. వాడు పెద్దవాడవటాన్ని ఆపలేనని తెలుసు. ఆ పెరగటం మాత్రం దగ్గరుండి చూడాలి.

ఇది చూసినప్పుడల్లా నాకు మా అమ్మ సంక్రాంతి కొలువు గుర్తుకొస్తుంది. కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే గీతగాడు – అన్నీ పాత చీరముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలో ఉండేవి. ఏడాదికి మూడు రోజులు మెట్లెక్కేవి. చూడాలి, ముట్టుకోకూడదు. మా చిన్నతనంలో అది మాకు పెద్ద శిక్ష!

మూడో భాగం 2010 జూన్ 18న వచ్చింది. దర్శకుడు లీ అంక్రిచ్. ఆస్కారు ఉత్తమ చిత్రం పోటీలోకి కూడా వెళ్ళింది. ఉత్తమ యానిమేషన్ చిత్రం బహుమతి గెలుచుకుంది. ఇప్పుడు ఆండీకి 17 ఏళ్ళు. కాలేజీకి వెళ్ళాలి. గదిలోని బొమ్మల్ని అటక మీద పెట్టాలా, దానం చెయ్యాలా, చెత్తలో వెయ్యాలా తేల్చమంటుంది తల్లి. మరో విశేషం: 1995లో ఆండీకి గొంతు ఇచ్చిన బాలుడు జాన్ మోరిసే పెరిగి పెద్దవాడై ఇందులోనూ మాట్లాడాడు. గొంతు మారటం కూడా నిజమే!

మా అబ్బాయి 1992లో పుట్టాడు. అంటే మొదటి భాగానికి మూడేళ్ళవాడు, మూడో భాగానికి ఆగస్టులో కాలేజీకి వెళ్ళబోతున్నవాడు. ఆ వేసవిలో మా అమ్మ మా దగ్గరే ఉంది. నలుగురం థియేటరుకి వెళ్ళాం. ఆవిడకి ఇంగ్లీషు రాదు. చెత్త కాల్చే కొలిమిలోకి జారిపోతూ బొమ్మలన్నీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే చోట నేను వివరించబోతే, "నువ్వుండరా, తెలుస్తూనే ఉంది" అంది. చివర్లో ఆండీ ఆ బొమ్మల్ని బోనీ అనే చిన్నపిల్లకి ఇస్తాడు. ఊరికే ఇవ్వడు. ఒక్కొక్కదాన్నీ పేరుపేరునా పరిచయం చేసి, ఆఖరిసారి ఆ పిల్లతో కలిసి ఆడి మరీ వెళతాడు. అంతకుముందే ఆండీ తల్లి ఖాళీ అయిన గదిలో అడుగుపెట్టి మాట రాక నిలబడిపోతుంది. నా భార్య చేతిరుమాలు అప్పటికే తడిసిపోయింది.

కారులో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా అంది: "మన కొలువు బొమ్మలు పోయినేడే ఇచ్చేశానురా. ఎదురింటి వాళ్ళ మనవరాలికి. ఒక్కొక్కటీ ఏదేమిటో చెప్పే ఇచ్చాను. మీరు రారు, చీకటి పెట్టెలో వాటికి మాత్రం ఎందుకనిపించింది. ఫోనులో చెబితే బాధపడతావని చెప్పలేదు."

వెనక సీటులో ఉన్న మా అబ్బాయికి తెలుగు బాగానే అర్థమవుతుంది. వాడు ఏమీ అనకుండా వాళ్ళ బామ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ కారులో ఆండీ వాడొక్కడే కాదు. 1980లలో ఒక సూట్‌కేసుతో ఇల్లు విడిచి వచ్చిన నేనూ ఆండీనే. ఖాళీ గదిలో మా అమ్మ ఎలా నిలబడిందో నాకు ఎవరూ చూపించలేదు. ఆ రోజు తెర మీద చూశాను.

నాలుగో భాగం 2019లో వచ్చింది. మూడోదానితో కథ ముగిసింది కదా, ఇదెందుకని చాలామంది విసుక్కున్నారు. నాకు మాత్రం మూడోది గృహస్థు కథ, నాలుగోది వానప్రస్థం. కొత్త ఇంట్లో వుడీని ఎవరూ ఆడుకోవటానికి తియ్యరు. అలమరలో దుమ్ము కొట్టుకుపోతుంటాడు. ఆరు నెలల కోసం పిల్లల దగ్గరికి వచ్చి, కారు నడపలేక, కిటికీ దగ్గర కూర్చునే మన అమ్మానాన్నలు నాకు కళ్ళముందు మెదిలారు. బోనీ బడిలో ప్లాస్టిక్ చెంచాకి కళ్ళు అతికించి ఫోర్కీ అనే బొమ్మ చేసుకుంటుంది. అది తాను చెత్తననుకుని మాటిమాటికీ చెత్తబుట్టలో దూకుతుంటుంది. దాన్ని రాత్రంతా కాపలా కాయటమే వుడీ పెట్టుకున్న పని. మనవడి చేత నాలుగు ముద్దలు తినిపించటంలో తాతయ్యలు వెతుక్కునే సార్థకత అదే. ఆఖరికి వుడీ తన స్నేహితురాలు బో పీప్‌తో, ఎవరి పేరూ మోయనక్కరలేని బతుకు ఎంచుకుంటాడు. బాధ్యత తీరాక పెద్దవాళ్ళకీ తమదంటూ ఒక జీవితం ఉండవచ్చునని ఒప్పుకోవటం మనకి కాస్త కష్టమే. అందుకే ఇది చూడాలి.

కొన్ని సూచనలు. నాలుగూ వరసలోనే చూడండి. ఏదీ గంటా నలభై అయిదు నిమిషాలు దాటదు. అన్నీ అందరూ చూడదగినవే అయినా, మొదటి దాంట్లో సిడ్ గది, మూడో దాంట్లో కొలిమి, నాలుగో దాంట్లో పాతసామాన్ల కొట్టులోని మాటలురాని బొమ్మలు నాలుగేళ్ళలోపు పిల్లల్ని భయపెడతాయి. అక్కడ ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. 2022లో వచ్చిన ‘లైట్‌ఇయర్’ ఈ వరసలోది కాదు. ఆండీ చిన్నప్పుడు చూసిన సినిమాగా ఊహించి తీసినది, తరవాతైనా చూడవచ్చు. కాలేజీకి వెళ్ళే బిడ్డ ఇంట్లో ఉంటే మూడో భాగం వెళ్ళకముందే కలిసి చూడండి.

పండక్కి కొలువు పెట్టుకునే ఇళ్ళలో కింది మెట్టు మీద వుడీకీ, బజ్‌కీ చోటివ్వండి. దశావతారాలు ఏమీ అనుకోవు. పేరంటం అయ్యాక పిల్లల్ని ఆ బొమ్మలన్నిటితోనూ ఆడుకోనివ్వండి. చెయ్యి విరిగితే అతికించుకోవచ్చు.