చీర దాచేసే కొలత

కొలతలు మన ఆడవాళ్ళకి కొత్తేం కాదు కదండీ. టైలరమ్మ నోటుపుస్తకంలో ఏడాదికోసారన్నా మన పేరు ఎక్కుతుంది. ఛాతీ, చేయి, మెడ, పొడవు అన్నీ రాస్తుంది. ఒక్క పొట్ట కొలత మాత్రం అందులో ఉండదు. జాకెట్టుకి దాంతో పని లేదు. లంగాకేమో బొందు ఉంటుంది, ఎంత పెరిగినా వదులు చేసుకుంటాం. పైన చీర కుచ్చిళ్ళు. ప్యాంటు వేసుకునేవాళ్ళకి గుండీ పట్టకపోతే తెలిసిపోతుంది. మనకి చెప్పేవాళ్ళే లేరు.

మా ఆడపడుచు సంగతే చూడండి. మనిషి సన్నం, చేతులు పుల్లలు. "ఇంకో ముద్ద తినవే, గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు" అనేవాళ్ళు ఊళ్ళో. నలభై నాలుగేళ్ళకే షుగరు బయటపడింది. "సన్నగా ఉన్నదానికి షుగరేంటి?" అని మా అత్తయ్య ఇప్పటికీ నమ్మరు.

ఎందుకొస్తుందో చెప్పే ఫోటో ఒకటుంది. పుణే డాక్టరు యాజ్ఞిక్ గారు, లండన్ డాక్టరు యుడ్కిన్ గారు 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫోటోనే వేసుకున్నారు. ఎత్తుకి తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం! బరువు కాటా ఈ తేడా చెప్పలేదు.

సంక్రాంతికి జంపని వచ్చినప్పుడు మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఒక మనిషి బొమ్మ చూపించింది. మీట జరిపితే పొట్ట పెరుగుతుంది, ఇంకోటి జరిపితే ఎత్తు మారుతుంది. వేలమంది ఒళ్ళు స్కాన్ చేసి, ఆకారాలు ఎలా మారతాయో కంప్యూటర్‌కి నేర్పుతారట. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్ళు 2015లో తెచ్చిన ఎస్‌ఎంపీఎల్ అలాంటిదే. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో ఇస్తే ఇలాంటి మోడళ్ళు మన ఆకారం, నడుము కొలత అంచనా వేస్తాయి. నెలనెలా పోల్చుకుంటే కొవ్వు ఎక్కడ చేరుతోందో కనిపెట్టొచ్చు. చీర దాచింది ఇది చూపిస్తుందన్నమాట.

అయితే రెండు మెలికలున్నాయి. ఆ మోడల్ ఆకారాలు నేర్చుకున్నది ఉత్తర అమెరికా, ఇటలీ, నెదర్లాండ్స్‌లలో కొలిచిన వాళ్ళ నుంచి. మన ఒళ్ళ తీరు వేరని పైన ఫోటోయే చెప్తోంది. మన దేశంలో నిఫ్ట్ సంస్థ ఇండియాసైజ్ పేరుతో, హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో పాతికవేల మందిని స్కాన్ చేయాలని తలపెట్టింది. కానీ అది బట్టల సైజుల కోసం.

రెండోది, బిగుతు బట్టలతో తీసుకున్న మన ఫోటో ఎక్కడికి వెళ్తుంది? ఎవరి దగ్గర ఉంటుంది? అది తెలిసేదాకా అమ్మాయిల్ని ఏ యాప్‌లోనూ పెట్టనివ్వకండి.

ఈలోగా టేపు ఉంది కదా. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక, బిగించకుండా చుట్టి చూడండి. మన దేశపు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు హద్దు. మగవాళ్ళకి 90. దాటితే, సన్నగా ఉన్నా సరే, షుగరు పరీక్ష చేయించుకోండి. పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే నెలకోసారి ఈ అంకె కూడా రాయండి. ఇంట్లో అందరి లెక్కలూ రాసేది మనమే, మనదీ ఒకటి ఉండాలిగా.