తెలిసీ వదిలేశానట!

టీవీ ముందు కూర్చున్నవాడికి తెలియని జవాబంటూ ఉండదు! పకోడీ నములుతూ "బి... బి చెప్పరా నాయనా!" అని అరుస్తాం. హాట్ సీట్లో ఉన్నవాడు ఒక్క నిమిషం ఆలోచించాడంటే వాడంత మొద్దు లోకంలో లేడని తేల్చేస్తాం. చెప్పొద్దూ, ఆ కుర్చీకీ మన సోఫాకీ మధ్య దూరం చాలా ఉంది. రెండిట్లోనూ కూర్చున్నవాణ్ణి గనక చెబుతున్నాను.

అమెరికాలో పేకాటని కూడా టీవీలో చూపిస్తారు. 2003లో పోకర్ వరల్డ్ సిరీస్‌లో 839 మంది ఆడితే, క్రిస్ మనీమేకర్ అనే ఓ అకౌంటెంట్ గెలిచి పాతిక లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. (పేరు నిజంగా మనీమేకరే, నేను పెట్టింది కాదు!) ఆ ఆటలో బల్ల అంచున చిన్న కెమెరాలుంటాయి. ఇంట్లో చూసేవాడికి అందరి ముక్కలూ కనబడతాయి. ఆడేవాడికి మాత్రం తన చేతిలోవే! అందుకే చూసేవాడు ఎప్పుడూ మేధావే.

మనకు దొరికిన అలాంటి బల్ల 'మీలో ఎవరు కోటీశ్వరుడు'. 1998లో బ్రిటన్‌లో పుట్టి, 2000లో అమితాబ్ గొంతుతో హిందీలోకి వచ్చి, 2014లో నాగార్జున చేతుల మీదుగా మాటీవీలో తెలుగువాడైపోయింది ఆ ఆట.

అదే ఏడాది అక్టోబరు 12న మా వైజాగ్ మీద హుద్‌హుద్ విరుచుకుపడింది. ఆ రోజు మా గాజువాక ఇంటి రేకులు ఏ దిక్కుకి ఎగిరిపోయాయో ఇప్పటికీ తెలియదు. నేనప్పుడు పోర్టులో సరుకు లెక్క రాసే కాంట్రాక్టు గుమస్తాని. జీతం ఇంటి ఖర్చుకే చాలీచాలదు. టార్పాలిన్ కింద అమ్మా, నాన్నా, చెల్లీ, నేనూ. మేస్త్రీ వచ్చి చూసి "లక్ష ఉంటే స్లాబ్ పోసేద్దాం" అన్నాడు. లక్ష! సరిగ్గా ఆ రోజుల్లోనే పోటీకి రమ్మని నాకు పిలుపొచ్చింది. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

సెట్ గురించి ఏం చెప్పను! ఆ లైట్లూ, ఆ మ్యూజిక్కూ, ఎదురుగా 'శివ' హీరో! జగదాంబలో తెర మీద చూసిన మనిషి మూడడుగుల దూరంలో కూర్చుని మన పేరు పెట్టి పిలిస్తే, మన పేరు మనకే కొత్తగా వినబడుతుంది. మొదటి ఐదు ప్రశ్నలూ గడిచాయి. ఇక పదివేలు ఖాయం. తర్వాత క్రికెట్ ప్రశ్నకి ఆడియన్స్‌ని అడిగాను, సైన్సు ప్రశ్నకి ఫ్రెండ్‌కి ఫోన్ చేశాను. తొమ్మిది దాటేసరికి చేతిలో 1,60,000 రూపాయలు!

పదో ప్రశ్న. ఓటు హక్కు వయసుని 21 నుంచి 18కి దించిన రాజ్యాంగ సవరణ ఏది? ఫిఫ్టీ ఫిఫ్టీ వాడాను. 52, 61 మిగిలాయి. మనసు 61 అంటోంది. ఎందుకంటోందో మాత్రం చెప్పదు!

సరే, లెక్క వేద్దాం రండి. ఒప్పయితే 3,20,000. తప్పయితే పదివేలకి పడిపోతాను. రెండింటికీ సమాన అవకాశం అనుకుంటే సగటున 1,65,000. అంటే ఆడితే కాగితం మీద వచ్చే లాభం ఐదువేలు. ఆడకపోతే 1,60,000లో 30 శాతం పన్ను పోగా 1,12,000 చేతికొస్తాయి. మా స్లాబ్ లేచిపోతుంది! కాగితం మీది ఐదువేల కోసం ఇంటి కప్పుని పందెం కాయనా?

మా మామయ్య రమ్మీలో దిట్ట. డబ్బు పెట్టకుండా, పాయింట్ల మీదే ఆడేవాడు. మా లెక్కలో మొదట్లోనే డ్రాప్ అంటే 20 పాయింట్లు పోతాయి, మధ్యలో అంటే 40. చివరిదాకా పంతానికి కూర్చుని ఓడితే 80! "ముక్క కలవనప్పుడు లేచెళ్లడం కూడా ఆటేరా" అనేవాడు. రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నైపుణ్యంలో సగం ఈ డ్రాప్ అనడంలోనే ఉందంటాను నేను.

"క్విట్ అవుతాను సార్" అన్నాను. సరదాకి చెప్పమంటే 61 అన్నాను. అదే రైటు! ఆడియన్స్‌లోంచి "అయ్యో..." అని ఒక్క అల లేచింది చూడండి, రామకృష్ణా బీచ్‌లో కూడా అంత అల చూడలేదు నేను.

ప్రసారమైన మర్నాడు గాజువాక జంక్షన్‌లో టీ తాగనిస్తే ఒట్టు! "అదేటిరా, తెలిసీ వొదిలీసినావు?" అని ఒకడు. "నానైతే కొట్టీద్దును" అని ఇంకొకడు. వాళ్లకి జవాబు తెరమీద పచ్చగా వెలిగాక తెలిసింది. నాకు వెలగకముందు తేల్చుకోవాల్సి వచ్చింది. 52 అయి ఉంటే వీళ్లే నన్ను బుద్ధిమంతుడని భుజం తట్టేవాళ్లు. ఫలితం ఏదైనా, ఆ క్షణంలో నాకు తెలిసింది అంతే కదా!

2021లో జెమినీలో ఎన్టీఆర్ నడిపిన 'ఎవరు మీలో కోటీశ్వరులు'లో రాజారవీంద్ర అనే సబ్ ఇన్‌స్పెక్టర్ చివరిదాకా వెళ్లి కోటి గెలిచాడు. చూస్తూ చప్పట్లు కొట్టాను. అసూయ లేదా అంటారా? కొంచెం ఉంది, దాచుకోను! కానీ ఆయన చేతిలో ముక్కలు వేరు, నా చేతిలో ముక్కలు వేరు.

కుర్రాళ్లూ, మీకూ ఎప్పుడో అలాంటి పిలుపు రావచ్చు. జనరల్ నాలెడ్జి సరే, చదువుకునే వెళ్తారు. దాంతోపాటు ఇంటికి ఎంత కావాలో ఓ చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ఆ లైట్ల కింద అది గుర్తుండడం చాలా కష్టం.

స్లాబ్ ఆ వేసవిలోనే పోశాం. మిగిలిన పన్నెండు వేలూ చెల్లి ఫీజుకి సరిపోయాయి. తర్వాతి తుపాను హెచ్చరిక రోజున ఊరంతా టీవీలకి అతుక్కుపోతే, మా అమ్మ తలుపేసుకుని మధ్యాహ్నమే నిద్రపోయింది.