సిల్వర్‌కీ ఇనుముకీ పడదు తమ్మీ!

నల్గొండ నుంచి నాగార్జునసాగర్, అక్కడి నుంచి దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం. రెండు రోజుల బైక్ ప్లాన్. వెనక సీట్లో అమ్మ. బస్సులో పోదామంటే వినలేదు, ‘నీ బండి మీదే చూస్తా’ అంది. హాలియా దాటాక బండి ఓ గుంతలో దబ్బున దిగింది. మాకేం కాలేదు గానీ, అమ్మ కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ బ్రాకెట్ విరిగి వేలాడింది.

పెద్దవూర దగ్గర రోడ్డు పక్కనే వెల్డింగ్ షాపు కనిపించింది. ముందు ట్రాక్టర్ ట్రాలీ, సగం చేసిన గేటు. “అన్నా, దీన్ని ఫ్రేమ్‌కే వెల్డింగ్ కొట్టెయ్” అన్నాను. ఆయన పాత స్పీకర్ మాగ్నెట్ తెచ్చి విరిగిన ముక్కకు ఆనించాడు. పట్టుకోలేదు. ఫ్రేమ్‌కు ఆనిస్తే టక్కున అంటుకుంది.

“ఇది సిల్వర్. అది ఇనుము. అతుకది తమ్మీ.”

సిల్వర్ అంటే వెండి కాదు, మన ఇళ్లల్లో సిల్వర్ గిన్నె అంటామే, ఆ అల్యూమినియం.

“కొంచెం అంటిస్తే చాలన్నా, శ్రీశైలం దాకా పోతే సరి.”

“అంటిచ్చినట్టు చేసి పైసలు తీస్కోవచ్చు. అమ్మ కాలు పెడ్తది, మళ్లొక గుంత వస్తది. అప్పుడెట్ల?”

నాకు నోరు మూతపడింది.

ఆయన మాట వెనక చాలా సైన్స్ ఉంది. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. ఉక్కు కరగాలంటే దాదాపు 1,500 కావాలి. ఉక్కు మెత్తబడేలోపే అల్యూమినియం నీళ్లలా కారిపోతుంది. పైగా అల్యూమినియం ఒంటి మీద ఎప్పుడూ కంటికి కనిపించనంత పల్చని ఆక్సైడ్ పొర ఉంటుంది. అది కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. ఇవన్నీ ఎలాగోలా దాటినా అసలు తంటా తర్వాతే. కరిగిన ఈ రెండూ కలిస్తే మధ్యలో కొత్త పదార్థం పుడుతుంది. గట్టిగానే ఉంటుంది, కానీ గాజులా పెళుసు. ఆ పొర కాస్త మందమైతే చాలు, చూడ్డానికి బాగున్న అతుకు ఒక్క కుదుపుకి ఊడిపోతుంది.

అలాగని ప్రపంచంలో ఎవరూ అతకలేదని కాదు. పేలుడు శక్తితో రెండు రేకుల్ని ఒకదానికొకటి గుద్దించి అతికే పద్ధతి ఉంది. ఉక్కు ఓడల మీద అల్యూమినియం గదులు కట్టేటప్పుడు, ఇలా తయారైన జంట పట్టీని మధ్యలో పెడతారు. ఉక్కు వైపు ఉక్కుని, అల్యూమినియం వైపు అల్యూమినియాన్ని మామూలుగా వెల్డ్ చేస్తారు. హోండా 2012లో అకార్డ్ కారు కింది ఫ్రేమ్‌కి ఈ రెండిటినీ గిర్రున తిరిగే పనిముట్టుతో రాపాడించి కలిపింది. కిటుకు ఏంటంటే, కరిగించకపోవడం. పెద్దవూరలో బాంబు పెట్టి ఫుట్‌రెస్ట్ అతికించమని అడగలేం కదా!

అన్న అంతకన్నా సింపుల్‌గా కానిచ్చాడు. ఫ్రేమ్ మీద పాత బోల్టు ఉన్నచోట ఒక ఇనుప పట్టీ బిగించాడు. విరిగిన సిల్వర్ ముక్కకు రెండు కొత్త బెజ్జాలు వేశాడు. పట్టీకి రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక నట్లు బోల్టులతో రెండిటినీ కలిపాడు. తడి తగిలితే ఈ రెండు లోహాలూ చిన్న బ్యాటరీలా మారి అల్యూమినియం తినేయబడుతుంది, అందుకే మధ్యలో ఆ పూత. “వంద కిలోమీటర్లకోసారి బోల్టు చూస్కో” అన్నాడు.

సాగర్ చేరేసరికి ఎండ దిగుతోంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రాతి డ్యామ్. అందరూ గేట్లకేసి ఫోన్లు పెడుతుంటే, నా చూపు మాత్రం కరెంటు తీగల మీదే ఉంది. హైటెన్షన్ లైన్లలో అల్యూమినియం, ఉక్కు కలిసే ఉంటాయి మరి! 220 కేవీ లైన్లకు ఎక్కువగా వాడే తీగ పేరు జీబ్రా. మధ్యలో 7 ఉక్కు పోగులు, చుట్టూ 54 అల్యూమినియం పోగులు. బలం కోసం ఉక్కు, కరెంటు మోసేది అల్యూమినియం. వెల్డింగ్ లేదు, తాడులా పేనతారంతే. ఉక్కు పోగులకు జింక్ పూత. రెండు తీగలు కలపాలంటే ముందు ఉక్కుకి ఉక్కు గొట్టం తొడిగి నొక్కుతారు, దాని మీద అల్యూమినియం గొట్టం తొడిగి మళ్లీ నొక్కుతారు. ఊళ్లలో లైన్లకు వాడే చిన్న రకం పేరు రాబిట్, ఒక ఉక్కు పోగు చుట్టూ ఆరు అల్యూమినియం పోగులు. అమ్మకి చెబితే, “కుందేలు, జీబ్రా... పేర్లు మంచిగ పెట్టిండ్రు” అని నవ్వింది.

మర్నాడు డిండి దాటి, మన్ననూరు దగ్గర అమ్రాబాద్ అడవిలోకి దిగాం. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఇది, ఇప్పుడు నాగర్‌కర్నూల్. మలుపు మలుపుకీ అమ్మ కాలు ఆ ఫుట్‌రెస్ట్‌నే తన్నిపట్టింది. దోమలపెంటలో చాయ్ కోసం ఆగి స్పానర్ తీశాను. ఒక బోల్టు అరచుట్టు వదులైంది. బిగించాను.

“ఆగిందా?” అంది అమ్మ.

“ఆగింది. ఎక్కు.”