తోచుట, ఊహించుట, ఎంచుట

వ్యాసము వ్రాయుడని విద్యార్థులతో చెప్పినపుడు మేము తరచుగ వినుమాట యొకటి కలదు: "అయ్యా, నాకేమియు తోచుట లేదు." తోచుట తనంతట తాను జరుగునది, దానికై కాచుకొనవలసినదే. మనుష్యుడు పూనుకొని చేయదగిన క్రియలు మన భాషలో వేరుగ నున్నవి. వానిలో మూడింటిని గూర్చి యిచట ముచ్చటింప దలచితిమి.

మొదటిది "భావించు". సంస్కృతమున "భూ" ధాతువునకు ఉండుట, కలుగుట యని యర్థము. కావున భావించుట యనగా లేనిదానిని మనస్సున కలుగజేయుట. లేపాక్షి నందిని ఒకే శిలనుండి చెక్కిన శిల్పి తొలుత దాని రూపమును మనస్సున నిలుపుకొనియే యుండవలెను. ఏలయన, చెక్కివేసిన రాతిని మరల నతికింప వీలులేదు.

రెండవది "ఊహించు". కనబడుదానినిబట్టి కనబడనిదానిని గ్రహించుట దీని పని. 16వ శతాబ్దమునాటి ఆ లేపాక్షి యాలయముననే కల్యాణమంటపము పూర్తికాక, కప్పులేక నిలిచియున్నది. ఆ స్తంభముల వరుసను జూచి పూర్తియైన మంటప మెట్లుండెడిదో మనము ఊహింపవచ్చును. కాని యూహ యెన్నటికిని నిశ్చయము గాదు.

మూడవది "ఎంచు". లెక్కించుట, విచారించుట యని దీనికి రెండర్థములు. మా మడకశిర ప్రాంతమున కన్నడము మాటలాడు గృహములు పెక్కు గలవు. ఆ యిండ్ల పిల్లలెరిగిన "ఎణిసు" అను క్రియకును, అరవమునందలి "ఎణ్ణు" అను క్రియకును ఈ రెండర్థములే యున్నవి. రూకలను ఒక్కొక్కటిగ ఎంచినట్లే తలంపులను గూడ ఎంచి చూడవలెనని ఈ మాటయే మనకు బోధించుచున్నట్లున్నది.

ఈ భేదము వ్యాకరణమునకు మాత్రమే చెందినది కాదు. తరగతిలో నొక బాలుని కలము కనబడలేదనుకొనుడు. ప్రక్కవాడు తీసియుండునని యొకడు ఊహించును. మధ్యాహ్నమునకు ఆ యూహ వార్త యగును. సాయంకాలమునకు నిర్దోషియైన బాలునికి దొంగ యను పేరు వచ్చును. మరునాడు కలము ఇంటనే దొరకినను ఆ పేరు వెంటనే పోదు. ఊహించుట తప్పు గాదు. ఎంచక పలుకుటయే తప్పు.

కావున తల్లిదండ్రులారా, బిడ్డలు "తోచలేదు" అనినపుడు కోపింపక, "ఏమి చూచితివి? దానినిబట్టి ఏమి ఊహించితివి? ఎంచి చూచితివా?" అని యడుగుడు. బిడ్డ తెలుగున ఉత్తరమిచ్చినను, కన్నడమున నిచ్చినను సరియే. ఆ యుత్తరము వాని స్వంతమై యుండిన చాలును.