గంప కింద కొత్త పెట్ట

సంతలో కొన్న పెట్టను కాళ్లు కట్టి, సైకిలుకు తలకిందులుగా వేలాడదీసి తెచ్చి, పెరట్లో కట్లు విప్పి వదిలేస్తే ఏమవుతుందో కావలి చుట్టుపక్కల కోళ్లు సాకే ఇళ్లన్నిటికీ తెలుసు. అప్పటిదాకా చెత్త కెలుక్కుంటున్న పాత పెట్టలు మెడ ఈకలు నిక్కబొడుచుకుని మీదికొస్తాయి. పారిపోదామంటే కొత్తదానికి దారి తెలియదు. కంచె మూలలో తల దూర్చి నిలబడిపోతుంది. దాని జుట్టు మీద నెత్తురు కనిపించిందంటే మిగతావి ఇంకా రెచ్చిపోతాయి.

ఇది కోళ్ల క్రూరత్వం కాదు. చిన్ననాటి నుంచీ కోళ్లను గమనిస్తూ పెరిగిన నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్ ఎబ్బె, ప్రతి గుంపులోనూ ఏది దేన్ని పొడవవచ్చో ఒక వరుస ఉంటుందని 1921లో రాశాడు. ఆ వరుస కుదిరితే రోజూ కొట్లాట ఉండదు. పైది ఒక చూపు చూస్తే కిందది తప్పుకుంటుంది. కొత్త పెట్ట రాగానే వరుస మళ్లీ తేలాలి. తేల్చుకోవడాన్ని మనం ఆపలేం, నెత్తురు కారకుండా మాత్రం చూడగలం.

అంతకన్నా ముందు రోగం సంగతి చూడాలి. కొక్కెర తెగులు సోకిన కోడి రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా పైకి బాగానే ఉండవచ్చు. అందుకే కొత్తదాన్ని కనీసం మూడు వారాలు ఇంటికి అవతలి వైపు ఉంచి, మేతా నీళ్లూ వేరుగా పెట్టాలి. పాతవాటికి మేత వేశాకే దాని దగ్గరికి వెళ్లాలి. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ తర్వాత కూడా ఈ జాగ్రత్తను చాదస్తం అనుకోలేం.

ఆ గడువు దాటాక గంప పని మొదలవుతుంది. వెదురు బద్దల గంపను పెరటి మధ్య బోర్లించి, కొత్త పెట్టను దాని కింద పెట్టి, చుట్టూ నూకలు చల్లితే పాతవి వచ్చి తింటాయి. సందుల్లోంచి ఒకదాన్నొకటి చూసుకుంటాయి, పొడవబోయినా ముక్కు లోతుకు అందదు. కోళ్లు మొహాన్నీ జుట్టునూ బట్టి తోటి కోళ్లను గుర్తుపడతాయి కాబట్టి, రోజూ కొన్ని గంటల చొప్పున వారం సాగితే కొత్త మొహం పాతబడుతుంది. ఇప్పటి పుస్తకాలు ఇందుకు వలతో అడ్డుగోడ కట్టమంటాయి. మన అవ్వలకు గంప చాలింది. కాలికి తాడేసి గుంజకు కట్టడం మాత్రం వద్దు, తప్పుకునే వీలే ఉండదు.

తరవాత ఒక రాత్రి గూట్లో మిగతావాటి పక్కన కూర్చోబెట్టాలి. చీకట్లో కోడికి చూపు ఆనదు, గొడవకు దిగదు. తెల్లవారాక మేత రెండు మూడు చోట్ల వేయాలి. నక్కడానికి ఒక తాటాకు చాపో, కట్టెల మోపో ఉండాలి. పొడుపులు ఉంటాయి, ఉండనివ్వాలి. నెత్తురు కనబడితే వెంటనే విడదీయాలి. ఒకే పెట్ట పట్టుబట్టి తరుముతుంటే కొత్తదాన్ని కాక దాన్నే కొన్ని రోజులు గంప కింద పెట్టాలి. తిరిగొచ్చేసరికి దాని పెత్తనం కొంత సడలుతుంది.

వీలైతే రెండు పెట్టల్ని కలిపి తేవడం మంచిది, పొడుపులు ఒక్కదాని మీదే పడవు. కోడిపిల్లల్ని పెద్దవాటి మధ్య వదలకూడదు. రోహిణి కార్తె ఎండలూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరాన్ని తడిపే ముసుర్లూ కొత్తదాన్ని కలపడానికి పనికిరావు. అప్పటికే అలసిన ప్రాణానికి కొత్తచోటు బెంగ తోడవుతుంది.

కోడికి ఇంత ఓపికా అని అడిగేవాళ్లుంటారు. ఆ పెట్టను పుట్టిన చోటి నుంచి విడదీసి తెచ్చుకున్నది మనం. తెలియని గుంపులో దానికి చోటు దొరికేదాకా అండగా నిలవడం దయ కాదు, మన బాధ్యత.