ఫ్యాన్ తిరిగేదాకా కదలను

మాది అవనిగడ్డ. కారు కిరాయికి తిప్పుకుని బతుకుతాను. ఫైనాన్సు మీద కొన్న పాత డీజిల్ బండి. నికరమైన కిరాయి అంటూ నాకు ఒకటే ఉండేది. రిటైరైన ఒక మాస్టారిని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి బందరు తీసుకెళ్లి, నాలుగు గంటలు ఆగి, తిరిగి ఇంటికి చేర్చడం. పులిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా దారి. మిగతా బేరాలు వచ్చినా రాకపోయినా నెల వాయిదా దాంతో గడిచిపోయేది.

ఎండాకాలం మొదట్లో వాటర్ పంపు కారడం మొదలుపెట్టింది. గుడివాడలో ఒక షెడ్డులో మార్పించాను. కొత్త పంపు బిగించారు, కూలెంట్ పోశారు, మూత పెట్టి తాళాలు చేతికిచ్చారు. పామర్రు, కూచిపూడి మీదుగా సాయంత్రం చల్లబాటున ఇంటికొచ్చేదాకా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది.

ఆ తర్వాత మాస్టారిని ఎక్కించుకున్న రోజున చల్లపల్లి దాటాక ముల్లు పైకి లేచింది. ఏసీ ఆపాను. ముల్లు ఒక్కసారిగా కిందికి పడింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ ఎర్రగీత మీదికెళ్లింది. డాష్‌బోర్డు వెనకాల నీళ్లు గుడగుడమంటున్నాయి. ఇంజిన్ వేడి కొంతైనా బయటికి లాగుతుందని హీటర్ పూర్తిగా తిప్పాను. చల్లగాలి వచ్చింది. ముందు ఇంజిన్ కాలిపోతుంటే హీటర్లో చల్లగాలి ఎలా వస్తుందో నాకు అంతుబట్టలేదు.

చెట్టు కింద ఆపాను. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. చల్లారేదాకా కాచుకోవాల్సిందే. మాస్టారికి రోజుకిన్ని నీళ్లే తాగాలని లెక్క. ఎక్కువైతే ఒంట్లో నిలిచిపోయి ఆయాసం వస్తుంది. ఆ ఎండలో ఒక్క గుక్కతో నాలుక తడుపుకుని సీసా నా చేతికిచ్చారు. "నన్నెటూ తాగొద్దన్నారు కదా అబ్బాయ్, నీ బండికి పొయ్యి" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆయన పాదాలు అప్పటికే వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఆటో ఆపి ఎక్కించాను. వేళ దాటి వెళ్లేసరికి ఆయన వంతు పోయింది. ఇంటికి చేరేటప్పటికి బాగా రాత్రయింది.

అక్కణ్ణుంచి షెడ్ల చుట్టూ తిరగడం నా పనైంది. బందరులో ఒకాయన థర్మోస్టాట్ పట్టేసిందన్నాడు. మన ఎండలకు అసలది అక్కర్లేదని ఊడదీసి పక్కన పడేశాడు. తర్వాతా అదే గుడగుడ. ఇంకొకాయన రేడియేటర్ పూడిందన్నాడు. విప్పితే తుప్పు మట్టి, తెల్లటి పొర. నాకు ముందు ఆ బండి నడిపినవాళ్లు బోరు నీళ్లు పోసేవాళ్లట. మా దివిసీమలో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్లే. తాగడానికి కాలవ నీళ్లతో నింపుకున్న చెరువులే దిక్కు. ఆ ఉప్పు ఇంజిన్ లోపల లోహాన్ని తినేస్తుంది. రేడియేటర్ కడిగించాను. మరగడం మాత్రం ఆగలేదు.

చివరికి హెడ్ గాస్కెట్ పోయిందన్నారు. హెడ్ దించి ఫేసింగ్‌కి పంపారు. ఇంటావిడ గొలుసు తాకట్టు పెట్టాను. ఈలోపు మాస్టారి అబ్బాయి ఫోన్ చేశాడు. "ఏమనుకోవద్దన్నా, నాన్నగారికి వేరే బండి మాట్లాడాం" అన్నాడు. అనుకోవడానికేముంది? డయాలసిస్ తప్పితే మనిషి దక్కడు. వాయిదా తప్పింది. ఫైనాన్సు మనిషి పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. హెడ్ బిగించి తెచ్చుకున్న బండి మోపిదేవి దాటకముందే మళ్లీ మరిగింది.

ఆర్టీసీలో పనిచేసి రిటైరైన మెకానిక్ ఒకాయన మా ఊళ్లోనే ఉన్నాడు. చూపు తగ్గి పని మానేశాడు. వెళ్లి చెప్పుకుంటే అన్నీ విని, "హీటర్ వేడిగా వస్తోందిరా?" అని అడిగాడు. "లేదు బాబాయ్, చల్లగా వస్తోంది" అన్నాను. బండి స్టార్ట్ చేయించి ఇంజిన్ కాగాక గుడ్డ అడ్డం పెట్టుకుని పైపులు తడిమాడు. ఒకటి సలసల కాగుతోంది, ఇంకొకటి చల్లగా ఉంది. "లోపల గాలి పట్టిందిరా. విప్పిన ప్రతివాడూ నీళ్లు పోశాడు గానీ ఎవడూ గాలి తియ్యలేదు" అన్నాడు.

పంపు నీళ్లను తోస్తుంది గానీ గాలిని తోయలేదట. ఆ గాలి హెడ్‌లోనో హీటర్ గొట్టాల్లోనో ఎత్తున్నచోట చేరి దారికి అడ్డం కూర్చుంటుంది. నీళ్లు తిరగనిచోట లోహం కాలి ఆవిరి పుడుతుంది. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. చుట్టూ గాలి చేరితే లోపల కాలుతున్నా ముల్లు కిందికి దిగుతుంది. ఆ రోజు నేను హమ్మయ్య అనుకున్నది అలాంటప్పుడే. పైగా విప్పిన ప్రతిసారీ కొత్తగా గాలి లోపలికి పోయింది. ఒక రిపేరు మిగిల్చిన గాలే ఇంకో రిపేరుకి కారణమవుతూ వచ్చింది.

గాలి పైకి రావాలంటే బండి ముక్కు ఎత్తులో ఉండాలి. మా నేలంతా చదును. ఎత్తంటే కృష్ణ కరకట్టే. తెల్లారకముందే, ఇంజిన్ చల్లగా ఉండగా, కట్ట ఎక్కే వాలులో బండి నిలిపి వెనక చక్రాలకు రాళ్లు పెట్టాం. కొత్త థర్మోస్టాట్ వేశాడు. దానికొక చిన్న కన్నం, అందులో ఆడే పిన్ను ఉంటాయి. గాలి అందులోంచి తప్పుకోవాలి కాబట్టి పిన్ను పైవైపు ఉండేలా బిగించాడు. హీటర్ పూర్తి వేడిమీద పెట్టించాడు. థర్మోస్టాట్ దగ్గరున్న బ్లీడ్ స్క్రూ వదులు చేసి, కూలెంట్ సన్నధారగా, తొందరపడకుండా పోయించాడు. స్క్రూ దగ్గర ముందు బుస్సుమని గాలి, తర్వాత నురగ, ఆ తర్వాత తెగని ధార వచ్చింది. అప్పుడు బిగించాడు. మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసి పైపులు నొక్కుతూ వదులుతూ ఉంటే బుడగలు వచ్చాయి. మట్టం దిగినప్పుడల్లా పోశాం.

"ఎంతసేపటికీ బుడగలు ఆగకపోతే గాస్కెట్ లోంచి గ్యాస్ వస్తున్నట్టు. అప్పుడు నా వల్ల కాదు" అన్నాడు. బుడగలు తగ్గాయి, ఆగిపోయాయి. మూత బిగించాం. కింది పైపు వేడెక్కింది. హీటర్లోంచి వడగాలి లాంటి గాలి వచ్చింది. ఫ్యాన్ తిరిగి ఆగింది, మళ్లీ తిరిగి ఆగింది. బండి పూర్తిగా చల్లారాక డబ్బాలో మట్టం చూసి కొంచెం పోశాడు. డబ్బులిస్తే కూలెంట్ ఖరీదు మించి తీసుకోలేదు.

మాస్టారి కిరాయి తిరిగొచ్చింది. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది. ఇప్పుడు రేడియేటర్ పైపు ఒక్కటి విప్పినా నేను షెడ్డులోంచి కదలను. హీటర్ వేడిగా రావాలి, కింది పైపు కాగాలి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాలి. డబ్బులు ఆ తర్వాతే. ఒక్కోచోట విసుక్కుంటారు. డీజిల్ నాదే కదా, తిరగనివ్వండి అంటాను.